తప్పకుండ అని చెప్పనోళ్ల ఓట్లు

ఎన్నికలొస్తె సాలు, టీవీ ముంగట కూసొని ఏ సర్వే ఏం చెప్పిందని కొట్లాడుకుంటరు. ఫలితాలొచ్చినంక అవే సర్వేలను తిడుతరు. ఆ తిట్లల్ల నా వాటా నాకుంది. ఇరవై ఏండ్లకు పైన భుజాన సంచి ఏసుకొని ఇల్లిల్లు తిరిగి, ఈసారి మీ ఓటు ఎవరికని అడిగిన మనిషిని నేను. మొదట అడిగేటోణ్ణి, తర్వాత అడిగేటోళ్ల మీద సూపర్‌వైజర్ని. శంషాబాద్, గగన్‌పహాడ్, ఇటు బుద్వేల్, అటు మహేశ్వరం దాంక ఊర్లన్ని నా ఏరియా. ఇప్పుడు రిటైరయ్యి ఇంట్ల కూసున్న. ఇది చదివే మీలల్ల కొందరు ఇదే పనిల ఉన్నరని ఎరుకే, ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద. మీకోసమే ఈ ముచ్చట. ఇందుల నేను గొప్పగ చేసిందేం లేదు, ముందే చెప్తున్న.

నిజం చెప్పాల్నంటె ఆ పని మీద నాకు ఇంక పానం కొట్టుకుంటది. పొద్దుగాల ఏడింటికి శంషాబాద్ బస్టాండు కాడి హోటల్ల మేం ఆరుగురం కలిసేది. చాయ తాగి, పేర్ల లిస్టులు పంచుకొని, తలా ఒక దిక్కు పోయేది. ఏ ఇంటి ముంగట కూసున్నా నెత్తిమీదికెళ్లి విమానం పోతనే ఉండేది. ఇక్కడి మనుషులకు ఒక అలవాటుంది. విమానం రాంగనే మాట యాడుంటె ఆడ ఆపుతరు, అది పోయినంక ఆపిన కాడికెళ్లి మళ్ల అందుకుంటరు. సిటీ నుంచి కొత్తగ వచ్చిన సర్వేవాళ్లు మాట అయిపోయిందనుకొని లేచి పోయేది. మేం కూసునేటోళ్లం. గట్ల సప్పుడు జెయ్యకుండ, ఎవరి ఇంటి ముంగటనో, విమానం పోయేదాంక కూసునుడు యాదికొస్తె ఇప్పటికి నాకు ఎట్లనో అయితది. మళ్ల ఒక్కసారి గట్ల కూసోవాల్నని ఉంటది.

మా ఆరుగురిల ఒకామె ఉండె. మహేశ్వరం దిక్కు ఊరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పొలం సగం ప్లాట్లల్ల పోయింది, సగం మిగిలింది. ఇంటరు దాంక చదివింది. నేను చెల్లె అనేటోణ్ణి, మిగిలినోళ్లంత అక్కా అనేది. ఆడిమనిషి ఊర్లు పట్టుకొని తిరిగే పనేందని అత్తింటోళ్లు మొదట అడ్డం పడ్డరంట. ఆమెనే పట్టుబట్టి, నా పేరుకు మచ్చ వస్తె ఆ దినమే మానేస్త అని చెప్పి వచ్చింది. ఈ మాట ఆమె నవ్వుకుంట చెప్పేది, నేను గూడ నవ్వేటోణ్ణి.

ఆమె పని తీరే వేరు. ఎవరింటికి పోయినా ముందుగాల ఫారం తియ్యకపోయేది. వాళ్లు బియ్యం ఏరుతుంటె చేట తన దిక్కు గుంజుకునేది. పల్లికాయ ఒలుస్తుంటె తనో గుప్పెడు తీసుకొని ఒలిచేది. "పల్లికాయ ఒలిచేటందుకు పంపలే నిన్ను" అని నేను కోపానికొచ్చేటోణ్ణి. "ఉత్త చేతులతోటి కూసుంటె మనుషులు మాట్లాడతరా అన్నా?" అనేది. మేం నాలుగు ఇండ్లు చేస్తె ఆమెవి రెండే అయ్యేది. మధ్యాహ్నం చెట్లు లేని జాగల, ప్లాట్ల రాళ్ల మీద కూసొని అందరం డబ్బాలు విప్పితె, ఆమె తెచ్చిన తొక్కు కోసం మేం పోటీ పడేది. అంత ఎండల గూడ అంత మంచిగ తిన్నట్టు నాకు మళ్ల ఎన్నడు అనిపించలే.

ఇగ పని సంగతి జర చెప్పాలె, లేకుంటె తర్వాతది అర్థం కాదు. ఓటర్ల లిస్టుల నుంచి ఆఫీసోళ్లు కొన్ని పేర్లు ఏరి ఇస్తరు. ఆ పేరున్న మనిషినే పోయి అడగాలె. తాళం ఉంటె మళ్ల పోవాలె. మూడుసార్లు పోయినా దొరక్కుంటె ఆ మనిషికి బదులు పక్కింటోళ్లను అడిగి రాసుకోవచ్చు. ఫారంల మొదటి ప్రశ్న, ఈసారి తప్పకుండా ఓటు వేస్తారా అని. దాని కింద మూడు డబ్బాలు. తప్పకుండా వేస్తాను, వేయకపోవచ్చు, చెప్పలేను. తప్పకుండా అన్నోళ్లనే ముంగటి ప్రశ్నలు అడగాలె, మిగిలినోళ్లకు దండం పెట్టి లేవాలె. ఓటే వెయ్యనోని అభిప్రాయంతోటి మనకేం పని అని ఆఫీసు లెక్క. వినేటందుకు సక్కగనే ఉంటది.

గాని మా దిక్కు పగటిపూట ఇంట్ల ఎవరుంటరు? ఎయిర్‌పోర్టుల ఊడ్చి తుడిచేటోళ్లు, సామాన్లు మోసేటోళ్లు, గగన్‌పహాడ్ షెడ్లల్ల పని చేసేటోళ్లు, అందరికి షిఫ్టు డ్యూటీలే. తెల్లారకముందే బస్సెక్కుతరు, లేకుంటె పగలంత తలుపు పెట్టుకొని పండుకుంటరు. మూడుసార్లు పోయినా తాళమే. ఇగ పక్కింటికి పోతె కిరాణం సేటో, పింఛను తీసుకునే పంతులో దొరుకుతరు. కుర్చీ ఏసి కూసోబెట్టి దేశం సంగతంత చెప్తరు. మా సర్వేలల్ల ఎప్పుడు గెలిచేది పగటిపూట ఇంట్ల ఉండేటోళ్లే అని మాకు మేమే జోకులేసుకునేది. నవ్వుకొని, ఆ ఫారాలనే కట్టగట్టి సిటీకి పంపేది.

చెల్లె మాత్రం పంపకపోయేది. తాళమున్న ఇండ్ల పేర్లు రాసుకొని, తెల్లారకముందే రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగే కాడికి పోయి నిలబడేది. బస్సు కోసం చూసే ఆడోళ్లల్ల ఒక్కొక్కరిని పేరు పెట్టి అడిగి పట్టుకునేది. ఆమె కట్టల తాళం అని రాసిన ఫారం నేను చూడలే.

నేను చెప్పేది మొన్నటి అసెంబ్లీ ఎన్నికలప్పటి సంగతి. నా రిటైర్మెంటుకు ఇంక ఏడాదుంది. రిపోర్టు పోవడానికి రెండు దినాల ముందు సిటీ ఆఫీసు నుంచి మా సారు ఫోన్ చేసిండు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ ఏకవచనంల పిలవడు. మీ ఏరియాలో ఒకావిడ ఫారాలు మిగతావాళ్ల వాటితో అస్సలు కలవడం లేదండి అన్నడు. మిగిలిన నలుగురి ఫారాలల్ల చెప్పలేను అన్నోళ్లు శానమంది ఉన్నరు, ఈమె రాసినోళ్లల్ల దాదాపు అందరు తప్పకుండా వేస్తాం అన్నరట. ముసలోళ్లు, షిఫ్టోళ్లు, అందరు. "ఇంట్లో కూర్చుని రాసిందేమో కాస్త చూడండి. మీ మాట మీద నాకు నమ్మకం" అన్నడు.

ఆ ఆఖరి మాట నాకు ఎక్కింది. ఎందుకు దాచాలె, ఎక్కింది.

రాసింది నిజమో కాదో చూసేటందుకు సూపర్‌వైజరు కొన్ని ఇండ్లకు మళ్ల పోయి, అవే ప్రశ్నలు, అదే వరుసల అడుగుతడు. గట్లనే మరుసటి దినం నేను ఆమె లిస్టు పట్టుకొని బయలెల్లిన. మొదటి ఇల్లు ఒక అవ్వది. ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర్ల, రేకుల ఇల్లు. సర్వే చేసేటామె వచ్చిందా అని అడిగితె, వచ్చింది, సోలెడు పల్లికాయ ఒలిచిపెట్టి పోయింది అన్నది. అయితె ఇంట్ల కూసొని రాయలేదు, మంచిదే అనుకున్న. ఫారం తీసి మొదటి ప్రశ్న అడిగిన.

"అవ్వా, ఈసారి తప్పకుండ ఓటేస్తవా?"

"ఏమో బిడ్డా. ఉంటె పోత."

"గట్ల కాదు. వేస్తవా, వెయ్యవా, ఒక్కటి చెప్పు."

"రేపు లేస్తనో లేవనో నాకేం ఎరుక. తప్పకుండ అని నేనెట్ల అంట?"

ఇంతల విమానం వచ్చింది. ఇద్దరం ఆగినం. అది పోయినంక గూడ అవ్వ ఇంకేమన్న చెప్పేటట్టే నా మొకం చూసింది. నేను అప్పటికే చెప్పలేను అనే డబ్బాల టిక్కు కొట్టి లేచిన. చెల్లె ఫారంల తప్పకుండా అని ఉంది, నా ఫారంల చెప్పలేను అని ఉంది. పొద్దూకేదాంక ఇంకో తొమ్మిది ఇండ్లు తిరిగిన. చూద్దాం తియ్యి అన్నరు ఒకరు. డ్యూటీ ఎట్ల పడ్తదో అన్నరు ఒకరు. పానం బాగుంటె అన్నరు ఒకరు. ఒక్క ఇంట్ల గూడ తప్పకుండ అన్న మాట నాకు దొరకలే.

ఇప్పుడు నన్ను నేను తిట్టుకునేది ఈడనే. నేను పుట్టింది శంషాబాద్ పక్క ఊర్లనే. మా అమ్మ అంగడికి పోయేటప్పుడు గూడ పోతున్న అని అనకపోయేది, పొయ్యొస్త అనేది. పెండ్లికి పిలిస్తె ఉంటె వస్త అనేది, అందరికన్న ముందుగాల పోయి కూసునేది. రేపటి సంగతి గట్టిగ అంటె దిష్టి తగుల్తదని బుగులు. మా దిక్కు పెద్దోళ్లంత గంతే. తప్పకుండ వస్త అని ఒట్టేసినట్టు చెప్పేటోన్నే వాళ్లు నమ్మరు. ఇదంత తెలిసినోణ్ణి, చేతుల ఫారం ఉండేసరికి ఏం తెల్వనోణ్ణి అయిన.

తెల్లారి హోటల్ల అందరు చాయ తాగి పోయినంక చెల్లెను కూసోమన్న. పది ఇండ్లు పోయిన, పది తేడా వచ్చినయి అని ఆమె ముంగట ఫారాలు పెట్టిన. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూసింది. అవ్వ పేరు కాడ ఆగింది. అప్పుడు చెప్పింది, ఆమె ఎట్ల అడుగుతదో. తప్పకుండ వేస్తవా అని ఎవరిని అడగదంట. ఓటు కార్డు యాడ పెట్టినవ్ అని అడుగుతదంట. అవ్వ లేచి బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్ల చుట్టిన కార్డు తీసి చూపిచ్చిందంట. పోయినసారి ఎవరితోటి పోయినవ్ అంటె, తోడొచ్చినామె పేరు, లైన్ల ముంగట నిలబడ్డామె పేరు, ఆ దినం ఏం కూర వండుకున్నదో గూడ చెప్పిందంట. డ్యూటీలకు పోయేటోళ్లను అయితె, ఓటు దినం షిఫ్టు ఎవరితోటి మార్చుకున్నవ్ అని అడుగుతదంట. వాళ్లు అప్పటికే మార్చుకొని పెట్టుకున్నరు.

నేను ఇన్న. ఇని గూడ, "ఆ ప్రశ్నలు ఫారంల లేవు గద చెల్లె" అన్న.

"లేవన్నా. నాతోటి ఒక్క ఇంటికి రా. ఒక్కటే ఇల్లు. నేనడుగుత, నువ్వు పక్కపొంటి కూసొ."

గడియారం చూసుకున్న. మధ్యాహ్నానికల్ల రిపోర్టు పోవాలె, టైం లేదు అన్న. ఒక ఇంటికి పోయి వచ్చేటందుకు అద్దగంట సాలు, అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అసలు సంగతి ఏందంటె, ఆమెతోటి పోతె ఆమె చెప్పిందే నిజమైతదేమో అని భయమైంది. నిజమైతె సారుకు ఫోన్ చేసి, మన ప్రశ్ననే తప్పు, నా చెకింగే తప్పు అని చెప్పాలె. ఏడాదిల రిటైరయ్యేటోణ్ణి, నమ్మకస్తుడని పేరున్నోణ్ణి. నా చేత కాలే.

ఆమె చూస్తుండంగనే కాయితం మీద రాసిన. సమాధానాలు సరిపోలలేదు, ఫారాలన్నీ రద్దు, మనిషిని పని నుంచి తీసేయవచ్చు. కింద సంతకం పెట్టిన. చెల్లె ఏడుస్తదనుకున్న, ఏడవలే. మెడల ఉన్న కార్డు తీసి బల్ల మీద పెట్టింది, ప్యాడు పెట్టింది.

"నువ్వు గూడ ఈ దిక్కోనివే గదా అన్నా" అని, సంచి తీసుకొని పోయింది.

ఇంకొకటి చెప్పాలె. ఆ మిగిలిన నలుగురిల నిజంగ ఇంట్ల కూసొని ఫారాలు నింపేటోడు ఒకడుండె. అది తర్వాత తెలిసింది. వాని ఫారాల మీద ఎవ్వరికి అనుమానం రాలే. ఆఫీసుకు ఎట్ల కావాల్నో అచ్చం గట్లనే రాసేటోడు.

ఓటు దినం వచ్చింది. పొద్దుగాలనే మా ఊర్ల నా ఓటేసి, అవ్వోళ్ల బూతున్న స్కూలు కాడికి పోయిన. ఎందుకు పోయినవంటె, నిద్ర పట్టక పోయిన. పోలీసోళ్లు గీసిన గీతకు అవతల, టైలరు దుకాణం నీడల కూసున్న. చెల్లె లిస్టు నకలు నా దగ్గర ఉండకూడదు, ఉండె. ఎనిమిది దాటంగ కంపెనీ బస్సు ఆగింది. రాత్రి డ్యూటీ దిగిన ఆడోళ్లు, మీద యూనిఫాం కోటు గూడ ఇప్పకుండ, టిఫిన్ డబ్బాలు చేతులల్ల పట్టుకొని సీదా లైన్లకు పోయిన్రు. డ్యూటీ ఎట్ల పడ్తదో అన్నామె అందరికన్న ముంగట ఉంది. పానం బాగుంటె అన్నాయన మనవని భుజం పట్టుకొని వచ్చిండు. నేను తిరిగిన ఇండ్లోళ్లల్ల ఒక్కొక్కరు కండ్ల పడుతుంటె పేరు పక్కన టిక్కు కొడ్తున్న.

పదకొండింటికి అవ్వ వచ్చింది, ఆటోల. ఓటేసి బయటికొచ్చేటప్పుడు నన్ను గుర్తువట్టి నిలబడ్డది. "నువ్వే గద బిడ్డా, వస్తవా రావా అని అడిగింది" అన్నది. అవునన్న. "ఉన్న. వచ్చిన" అని సిరా పెట్టిన వేలు చూపిచ్చింది. నీకన్న ముందుగాల వచ్చినామె ఏది, మంచిగున్నదా అని గూడ అడిగింది. మంచిగనే ఉంది అన్న. అబద్ధం. ఆ దినం ఏడ్చింది నేనే, టైలరు అటు తిరిగి మిషను తొక్కుతుంటె.

ఫలితాలు వచ్చినయి. మా దిక్కు మా సర్వే చెప్పింది ఒకటి, అయింది ఒకటి. టీవీల పెద్దమనుషులు కూసొని ఇది సైలెంట్ ఓటు, ఎవ్వరికి అంతు చిక్కలే అన్నరు. సైలెంట్ యాడిది? నేను లేచి రాకుంటె అవ్వ ఆ దినం పొద్దూకేదాంక మాట్లాడేది. అంతు చిక్కినామెను మేమే తీసేసినం.

సారుకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పిన. మంచి మనిషి, ఇన్నడు, బాధపడ్డడు. ఆవిడను మళ్లీ తీసుకుందాం, కానీ ఫైల్లో ఏదో ఒకటి ఉండాలి కదండీ అన్నడు. ఒక కాయితం టైపు చేయించి పంపిండు. ఫారంలో లేని ప్రశ్నలు అడగడం నా పొరపాటు, ఇకముందు జరగకుండా చూసుకుంటాను, ఇట్లు. కింద సంతకానికి జాగ. ఒక్క సంతకమే గద అనుకొని, అది పట్టుకొని మహేశ్వరం దిక్కు పోయిన.

ఇల్లు దొరుకుడు కష్టం కాలే. దారి అడిగితె, ఎవరు, అబద్ధాలు రాసిందని తీసేసిన సర్వే ఆమెనా అన్నడు ఒకాయన. నేను రాసిన కాయితం సిటీలనే ఉందనుకున్న, ఊరికొచ్చి ఆమె కన్న ముందుగాల కూసున్నది.

చెల్లె కూసోబెట్టింది, చాయ ఇచ్చింది. ఎయిర్‌పోర్టు దిక్కు ఒక కిచెన్ల కూరగాయలు కోసే పనిల చేరిన అని చెప్పింది. ఆడ ఎవ్వరితోటి మాట్లాడే పని లేదంట. అవ్వ ఓటుకు వచ్చిందా అని అడిగింది. వచ్చింది, అందరు వచ్చిన్రు అని నా లిస్టు చూపిచ్చిన. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి చదివింది. అప్పుడు ఏడ్చింది.

కండ్లు తుడుచుకున్నంక టైపు కాయితం ఇచ్చిన. రెండుసార్లు చదివింది.

"ఇందుల నా తప్పని రాసుంది. నీ తప్పని యాడ రాసుందన్నా?"

అది మామూలు కాయితమే చెల్లె, సంతకం పెడ్తె రేపటి నుంచి రావొచ్చు అన్న. ఆమె కాయితాన్ని ఎట్లున్నది గట్లనే మడతపెట్టి నా చేతుల పెట్టింది. నా జేబుల పెన్నుండె. వెనకకు తిప్పితె అంత తెల్ల కాయితమే, నాలుగు ముక్కలు రాస్తె అయిపోయేది. ఆమె నా జేబు దిక్కు చూసింది గూడ. నేను చాయ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకొని వచ్చిన. ఏడాదికి రిటైరైతె శాలువ కప్పిన్రు.

ఇప్పుడు పగటిపూట ఇంట్ల ఉండేటోణ్ణి నేనే. ఫోన్ల సర్వే గొంతు వస్తది, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని. వచ్చిన ప్రతిసారి ఎత్తుత, అడిగిందానికల్ల జవాబు చెప్త. మా పక్కింటామె కూరగాయల బండి మీద ఉంటది, ఇంట్ల ఫోను ఆమె పెనిమిటి జేబుల ఉంటది, ఆమెను ఎవ్వరు అడగరు. ఆమె మాత్రం ప్రతిసారి ఓటేస్తది. ఎవరన్న పోయి ఆమె పక్కపొంటి కూసుంటె బాగుండు అనిపిస్తది. చెల్లె లాంటామె పోతె బాగుండు. ఆ పొద్దులు, ఆ ఆరుగురం, ఆ ప్లాట్ల రాళ్ల మీద బువ్వ తినుడు, మళ్ల రావు. కిచెన్ బస్సు పోయే టైముకు అప్పుడప్పుడు రోడ్డు మీదికి పోయి నిలబడుత. కిటికీలల్ల మొకాలు తేటగ అవుపడవు.

అందుకే మీ ముంగట రాస్తున్న. చదివినోళ్లల్ల మహేశ్వరం దిక్కోళ్లు ఎవరన్న ఉంటె, ఊర్ల నలుగురికి చదివి ఇనిపియ్యున్రి. ఫారంల లేని ప్రశ్నలు అడిగి ఆమె రాసినవన్ని నిజాలు. ఫారంల ఉన్న ప్రశ్న అడిగి పది ఇండ్లల్ల అబద్ధం రాసుకొచ్చింది నేను. తప్పు నాది చెల్లె.